కుడి చెవిలో మిగిలినంత

నా జబ్బు తగ్గింది. ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే చదివేవాళ్లు నేను బతికానా లేదా అని కంగారు పడతారు. బతికాను. ఆళ్లగడ్డలో బస్టాండుకు దగ్గర్లో ఫ్లెక్సీలు, పెళ్లిపత్రికలు వేసే షాపులో మళ్లీ కంప్యూటరు ముందు కూర్చుంటున్నాను. వధువు పేరులో దీర్ఘం తప్పితే ఇంకా నేనే పట్టుకుంటున్నాను.

ఇది రాసేది కొంత నా మనసు కుదుటపడడానికి, కొంత నాలాంటి వాళ్ల కోసం. నాలాంటి వాళ్లంటే ఎవరో చెప్పాలంటే నాలుగు ముక్కలు కావాలి. నాకు సరిగా వినపడదు. మాది ఊరి చివర ఎస్సీ కాలనీ. మేం చర్చికి పోయేవాళ్లం. నాకు ముప్పై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు. వీటిలో ఏ ఒక్కటైనా ఆసుపత్రిలో పెద్ద సంగతి కాకపోవచ్చు. నాలుగూ ఒకే మనిషిలో ఉంటే మాత్రం, ఆ మనిషి నోరు తెరిచి ఏం చెప్పినా ఎదుటివాళ్ల దగ్గర దానికి ఒక అర్థం ముందే తయారుగా ఉంటుంది.

నా చెవుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో కొంత మిగిలింది, వినికిడి మిషన్ పెట్టుకుంటే ఇంకొంచెం. మాటలు విడివిడిగా రావు, పెదాలు చూసి అందుకుంటాను. లారీ హారన్ వినపడుతుంది. డప్పు వినపడుతుంది. అమ్మ పిలుపు వినపడేది. మా అమ్మ సంతోషమ్మది పొలం గట్టు మీద పెరిగిన గొంతు. వెనకనుంచి "దీవెనా" అని సాగదీసి పిలిస్తే నాకు పేరు తెలిసేది కాదు గానీ ఆ సాగదీత తెలిసేది. నన్ను వెనకనుంచి పిలవగలిగిన మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే. మిగతావాళ్లంతా ముందుకొచ్చి చేతులూపాల్సిందే.

శ్రమకాలంలో

ఈస్టరుకు ముందు నలభై రోజులను మేం శ్రమకాలం అంటాం. మా ఇంట్లో ఆడవాళ్లు సాయంత్రం ప్రార్థన దాకా ఉపవాసం ఉంటారు. నేను నీళ్లు కూడా ముట్టను. ఇందులో నా భక్తి ఎంతో దేవుడికి తెలుసు గానీ, అసలు కారణం షాపు. మా షాపులో ఆడవాళ్లకు బాత్రూం లేదు. మగవాళ్లకు వెనక గోడ ఉంది. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండడం ఏళ్ల తరబడి అలవాటు చేసుకున్నాను. ఎండలు ముదిరాయి, పెళ్లిళ్ల సీజను, పని ఎక్కువ. ఉపవాసం వచ్చేసరికి అలవాటు కాస్తా పుణ్యం కూడా అయింది.

ఒక మధ్యాహ్నం నడుము కుడిపక్కన పోటు మొదలైంది. సాయంత్రానికి చలి పుట్టింది. మార్చి నెల ఎండలో దుప్పటి కప్పుకుని వణుకుతుంటే అమ్మ ఎదురుగా కూర్చుని చెప్పింది.

"ఎండ దెబ్బమ్మే. మజ్జిగ తాగి పండుకో. రేప్పొద్దున్నకు దిగుతాది."

దిగలేదు. తాగింది తాగినట్టు వాంతి అయింది. చాగలమర్రిలో కాపురం ఉండే మా చెల్లెలు జ్యోతి కబురు తెలిసి వచ్చి, నా నుదురు పట్టుకుని చూసి, అమ్మను కేకలేసింది. మర్నాడు పొద్దున్నే ముగ్గురం నంద్యాల బస్సెక్కాం. శిరివెళ్ల దాటేదాకా నేను జ్యోతి ఒళ్లో తల పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. నాలాంటివాళ్లు కళ్లు మూసుకుంటే లోకం మొత్తం పోతుంది. అంత జ్వరంలో అది కాస్త హాయిగానే ఉంది.

ఆసుపత్రి పేరు చెప్పను, చెప్పి లాభం లేదు. హాలు నిండా జనం. ఏవో జ్వరాలు తిరుగుతున్నాయని అందరికీ మాస్కులు. డాక్టర్లకు, నర్సులకు, చీటీ రాసే అబ్బాయికి, అందరికీ. చెవులు వినపడేవాళ్లకు అది మూతికి గుడ్డ. నాకు ఊరంతా ఒక్కసారిగా తలుపులు వేసుకున్నట్టు.

చీటీ దగ్గర నా ఆధార్ కార్డు చూసినతను అమ్మ మెడలో ఉన్న చిన్న శిలువ వైపు చూసి ఏదో అన్నాడు. అమ్మ శిలువను జాకెట్టులోకి తోసుకుంది. ఏమన్నాడని జ్యోతిని అడిగాను. తను మాస్కు దించి చెప్పింది.

"ఏందీ, పేరేమో అట్ల, మెడలో ఇట్ల అంటాండాడు. పోనీలే అక్కా."

కార్డులో నా పేరు లక్ష్మీదేవి. బళ్లో వేసినప్పుడు మా నాయన రాయించిన పేరు. రికార్డులో చర్చి పేరు ఉంటే కులం సర్టిఫికెట్టు రాదని మా కాలనీలో అందరూ చేసిన పనే ఇది. ఇంట్లో ఒక పేరు, కాగితం మీద ఒక పేరు. నాయన పోయాక ఆ కాగితం పేరుతో నన్ను పిలిచినవాళ్లే లేరు.

జ్యోతి నీళ్ల సీసా కొనడానికి బయటికి పోయింది. నేనూ అమ్మా బెంచీ మీద కూర్చున్నాం. చాలాసేపు అయ్యింది. మా తర్వాత వచ్చినవాళ్లు లోపలికి పోయి మందులు తీసుకుని వెళ్లిపోతున్నారు. నాకు పళ్లు కొట్టుకుంటున్నాయి. జ్యోతి తిరిగొచ్చి లోపలికి పోయి అడిగితే నర్సు విసుక్కుందట.

"లక్ష్మీదేవీ, లక్ష్మీదేవీ అని మూడుసార్లు పిలిచినాంమా. పలకలేదు. చెవుడా ఏంది?"

నాకు చెవుడే. అమ్మకు చెవులు భేషుగ్గా ఉన్నాయి. కానీ లక్ష్మీదేవి అంటే తన కూతురని ఆమెకు తట్టలేదు. పాపం లక్ష్మీదేవమ్మ ఎవరో రాలేదు అనుకుంటూ కూర్చుందట. జ్వరంలో కూడా నాకు నవ్వొచ్చింది. మమ్మల్ని మళ్లీ వరుస చివరికి తోశారు. అప్పుడు నవ్వు పోయింది.

డాక్టరు గదిలో

డాక్టరు జ్యోతితో మాట్లాడాడు. నేను ఆయన మాస్కు వైపు చూస్తూ నిలబడ్డాను. కాసేపు ఓపికపట్టి అడిగాను.

"మాస్కు కొంచెం దించండి సార్. పెదాలు చూడాలి నేను."

నా గొంతు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎత్తుపల్లాలు లేకుండా, కొంచెం గట్టిగా ఉంటుంది. కొత్తవాళ్లు నాకు కోపం వచ్చిందనుకుంటారు, లేదా మతి సరిగా లేదనుకుంటారు. ఆయన కుర్చీలో వెనక్కి జరిగి జ్యోతిని ఏదో అడిగాడు. ఈమెకు మాటలొస్తాయా అని అడిగాడట.

మూత్రపిండానికి ఇన్ఫెక్షన్, ఆసుపత్రిలో చేర్చుకుని సూదులు వేయాలి అన్నాడట. ఆ గదిలో జరిగిన మాటలన్నీ తర్వాత జ్యోతి చెప్పినవే. పెళ్లయిందా అని అడిగాడు. కాలేదని జ్యోతి చెప్పగానే నర్సు వైపు చూశాడు. నర్సు నన్ను చూసింది. మాస్కులు మూతులే కప్పుతాయి. కళ్లు చదవడంలో నాకు ఎవరూ పోటీ రారు. ఆ నర్సు తర్వాత జ్యోతిని పక్కకు పిలిచి మీ అక్కకు బయట ఎవరితోనైనా ఉందా అని అడిగిందట. నీళ్లు తాగకపోవడం, బాత్రూం లేకపోవడం గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు. చెవుడు ఎప్పటినుంచి అని. దానికి అమ్మ జవాబు చెప్పింది.

"పుట్టుకతోనే సార్."

"మేనరికమా?"

"ఆ, సార్."

రెండూ అబద్ధాలే. మా నాయనది కోవెలకుంట్ల వైపు, అమ్మకు ఏ చుట్టరికమూ లేదు. నేను పుట్టుచెవుడు దాన్ని కాను. ఎనిమిదేళ్లు వచ్చేదాకా నాకు అందరిలాగే వినపడింది. పాటలు పాడేదాన్ని. అప్పుడు పెద్ద జ్వరం వస్తే రోజూ సూదులు వేశారు. సూదుల మధ్యలోనే చెవిలో ఈల లాంటిది మొదలై, ఆ ఈల ఆగేసరికి మిగతావన్నీ కూడా ఆగిపోయాయి.

ఆ సూదులు వేసింది మా కాలనీలోని దేవదానం తాత. ఒకప్పుడు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. అది మూతపడ్డాక కాలనీలోనే ఉండిపోయి, అర్ధరూపాయి కూడా అడగకుండా అందరికీ వైద్యం చేశాడు. మా చర్చి సంఘానికి పెద్ద. మా నాయన పోతే పాడె ముందు నడిచాడు, జ్యోతి పెళ్లికి నిలబడ్డాడు. అమ్మ ఆయన్ను నాయనా అనే పిలుస్తుంది. ఆయన సూదితో బిడ్డ చెవులు పోయాయని అంటే అది ఆయన్ను రాయితో కొట్టడమే. అందుకని అమ్మ బళ్లో, వికలాంగుల సర్టిఫికెట్టు ఇచ్చే చోట, పెళ్లిచూపుల్లో, అంతటా ఒకటే మాట చెప్పింది. దేవుడు అట్లనే పుట్టించినాడు అని. చెప్పీ చెప్పీ ఆమె నోటికి అది నిజం కంటే సులువుగా వస్తుంది.

వార్డులో

మొదటి సూది వేసిన రోజు వాంతులు తగ్గాయి. నాకు సంతోషమే. నా పక్క మంచంలో శిరివెళ్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉంది. భూమీ పుట్రా ఉన్నవాళ్లని ఆమె గాజులే చెబుతున్నాయి. మాది ఏ ఊరు, ఊళ్లో ఎక్కడ అని అమ్మను అడిగి తెలుసుకున్నాక, మా మంచం వైపు ఉన్న తన నీళ్ల ఫ్లాస్కును తీసి అవతలి పక్క పెట్టుకుంది. సరే, పెట్టుకోనీ అనుకున్నాను. అదే మనిషి ఆ సాయంత్రం డాక్టరు వస్తుంటే నాకు తెలియడం లేదని గమనించి, నా మంచం ఊచను చేత్తో గట్టిగా తట్టింది. ఇనుము అదిరితే నాకు తెలుస్తుంది. అప్పటినుంచి ఎవరొచ్చినా తట్టేది. ఫ్లాస్కు మాత్రం అవతలే ఉంచింది.

రెండో రోజు రెండో సూది. మధ్యాహ్నం సంఘం ఆడవాళ్లు, వాళ్లతో దేవదానం తాత వచ్చారు. మంచం చుట్టూ నిలబడి, నా తల మీద నూనె రాసి ప్రార్థన చేశారు. తాతకు ఇప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. చెయ్యి వణుకుతుంది. ఆ వణికే చెయ్యి నా నెత్తిన పెట్టి చాలాసేపు ఉన్నాడు. నర్సులు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. ఒకామె కళ్లు నవ్వాయి.

వాళ్లు ఇంకా ఉండగానే మొదలైంది. కుడి చెవిలో, లోపల, సన్నగా ఈల.

కళ్లు తెరిచాను. ఫ్యాను చప్పుడేమో అనుకోవడానికి నాకు ఫ్యాను వినపడదు. మిషన్ తీసేశాను. ఈల అలాగే ఉంది. అది బయటినుంచి వచ్చేది కాదు. నాకు ఆ ఈల తెలుసు. ఎనిమిదేళ్ల వయసులో విన్నది, ఇరవై ఆరేళ్ల తర్వాత అదే శ్రుతిలో తిరిగొచ్చింది. ఈ భయం జ్వరం భయం కంటే వేరు. కిడ్నీ పోతుందంటే అది ఎక్కడుంటుందో కూడా నాకు సరిగా తెలియదు. కుడి చెవిలో ఏముందో మాత్రం నాకు లెక్కగా తెలుసు. రేపు పొద్దున మూడో సూది ఉంది.

జ్యోతికి చెప్పాను. జ్యోతి అమ్మకు చెప్పింది. అమ్మ ముఖం పాలిపోయింది గానీ, నీరసానికి అట్లనే ఉంటాది అంది.

మర్నాడు పొద్దున తాత మళ్లీ వచ్చాడు, రాత్రి నంద్యాలలోనే చుట్టాలింట్లో ఉన్నాడట. అదే వేళకు నర్సు ట్రేతో వచ్చింది. నేను సెలైన్ గొట్టం ఉన్న చేతిని దుప్పటి కింద దాచుకున్నాను.

"ఈ సూది వద్దు. చెవిలో ఈల వస్తాంది. చిన్నప్పుడు కూడా ఇట్లనే వచ్చి చెవులు పోయినాయి. డాక్టరును పిలవండి."

నా గొంతు వార్డంతా వినపడి ఉంటుంది. అందరి తలలూ తిరిగాయి. డాక్టరు వచ్చాడు. నర్సు ఆయనకు ఏదో చెప్పింది, నూనె రాసినట్టు తన నుదుటి మీద వేళ్లతో చూపిస్తూ. ఆ చేతి సైగ నాకు అర్థం కావడానికి పెదాలు అక్కర్లేదు. ప్రార్థనవాళ్లు వచ్చిపోయారు, ఇప్పుడు మందులు వద్దంటోంది. అంతే. ఆయన జ్యోతితో మాట్లాడాడు. జ్యోతి మాస్కు దించి నాకు చెప్పింది, కళ్లనిండా నీళ్లు.

"పుట్టుచెవుడు అని మీ అమ్మ రాయించింది కదా, ఇంక ఈ సూదితో పోయేదేముంది అంటాండాడు అక్కా. జబ్బు రక్తంలోకి పోతే ప్రాణం మీదికొస్తాదంట. వద్దంటే సంతకం పెట్టి పోండి అంటాండాడు."

"నాకు పుట్టుచెవుడు కాదు," అన్నాను డాక్టరుతోనే. "ఎనిమిదేళ్లప్పుడు పోయింది. సూదులతో పోయింది. అమ్మను అడగండి."

ఆయన అమ్మ వైపు చూశాడు. అమ్మ దేవదానం తాత వైపు చూసింది. తాత మంచం కాళ్ల దగ్గర చేతికర్ర పట్టుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంటున్నాడు. అమ్మ తలొంచుకుంది. ఆమె మాస్కు కిందికి జారి ఉంది. ఆమె పెదాలు నాకు స్పష్టంగా కనిపించాయి.

"పుట్టుకతోనే సార్. దానికేం తెలుసు."

ఆ తర్వాత అమ్మా, జ్యోతీ కలిసి నా చెయ్యి పట్టుకున్నారు. నేను పెనుగులాడలేదు. జ్వరంలో అంత శక్తి లేదు, ఉన్నా అమ్మ మీద చేసేదాన్ని కాను. మందు చల్లగా నరంలోకి ఎక్కుతుంటే అమ్మ ముఖం చూశాను. ఆమె నా ముఖం చూడలేదు. నా జీవితంలో అమ్మ మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు, ఇంక రాకూడదని కోరుకుంటున్నాను.

నాలుగో సూదికి ముందు

మరుసటి పొద్దున నేను కిటికీ వైపు తిరిగి పడుకున్నాను. ఈల పెద్దదైంది. బయట రోడ్డు మీద లారీలు పోతున్నాయి, వాటి హారన్ల కోసం చెవి పెట్టి కూర్చున్నాను. ఒకటి అందింది, దూరంగా. ఇంకోటి అందలేదు. అదెంత గట్టిగా కొట్టాడో, అసలు కొట్టాడో లేదో నాకు తెలియదు.

ఉన్నట్టుండి మంచం ఊచ అదిరింది. పక్కావిడ కొట్టింది. డాక్టరు వచ్చాడేమోనని తిరిగి చూస్తే తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. చేతిలో ఇడ్లీ పొట్లం. ఆమె పెదాలు తెరిచే ఉన్నాయి. పక్కావిడ నాకు వేలితో అమ్మను చూపించి, ఆమె ఎప్పటినుంచో పిలుస్తోందని సైగ చేసింది.

మిషన్ నా చెవికే ఉంది. అమ్మ అక్కణ్ణుంచి పిలిస్తే నేను తిరగకపోవడం ఎప్పుడూ జరగలేదు. ఈ సంగతి నాకంటే ముందు ఆమెకు అర్థమైంది. పొట్లం బల్ల మీద పెట్టి బయటికి పోయింది. వెనకాలే జ్యోతి పరుగెత్తింది. తర్వాత జరిగింది జ్యోతి చెప్పింది.

అమ్మ వరుసలో నిలబడలేదట. నేరుగా డాక్టరు గదిలోకి పోయి, లోపల వేరే పేషెంటు ఉండగానే, శిలువ బయటికి తీసి చేత్తో పట్టుకుని చెప్పిందట.

"సార్, నేను అబద్ధం చెప్పినా. నా బిడ్డ పుట్టుచెవుడుది కాదు. ఎనిమిదేండ్లకు సూదులతోనే పోయినాయి. మా తమ్మునికీ అంతే సార్. వానికి ఊపిరితిత్తుల జబ్బొస్తే సూదులేసినారు, జబ్బు తగ్గింది, చెవులు పోయినాయి. ఇప్పుడు మిగిలింది గూడా పోతాంది. నేను పిలిస్తే పలకలే. ఆ సూది ఆపండి. ఈ మాట మా కాలనీలో మాత్రం చెప్పొద్దండి సార్."

నాకు ఒక మేనమామ ఉండేవాడని తెలుసు, నేను పుట్టకముందే పోయాడు. ఆయనకు చెవులు పోయాయని ఆ రోజు దాకా తెలియదు. అమ్మ ఇద్దరి సంగతీ కడుపులోనే పెట్టుకుని బతికింది.

డాక్టరు వార్డులోకి వచ్చాడు. మొదటిసారి మాస్కు దించాడు. ఆయనకు మీసాలున్నాయి, నా వయసే ఉంటుంది. కొన్ని కుటుంబాల్లో తల్లి వైపు నుంచి ఇది వస్తుందని, అలాంటివాళ్లకు అమికాసిన్, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటి సూదులు కొద్దిగా పడినా చెవులు దెబ్బతినొచ్చని నిదానంగా చెప్పాడు. తల్లి ద్వారానే దిగుతుంది కాబట్టి జ్యోతికి, జ్యోతి పిల్లలకు, అమ్మ అక్కచెల్లెళ్ల పిల్లలకు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలన్నాడు. తర్వాత మంచానికి వేలాడే కాగితం తీసి, ఒక గీత కొట్టి, దాని కింద ఇంకో మందు పేరు రాశాడు.

అంతే. ఒక గీత. నేను ఆ గీత వైపే చూస్తుండిపోయాను.

"ముందే చెప్పాలి కదమ్మా," అన్నాడు అమ్మతో.

నేను చెప్పాను. నిన్న, నా నోటితో, ఆయనకే. ఈ మాట అనలేదు. జ్వరం తగ్గని మనిషి డాక్టరుతో గొడవ పెట్టుకోదు. ఇప్పుడు ఇక్కడ అంటున్నాను.

మట్టల ఆదివారం నుంచి

కొత్త మందుకు జ్వరం దిగింది. మట్టల ఆదివారానికి ఇంట్లో ఉన్నాను. పిల్లలు ఈతమట్టలు పట్టుకుని వీధిలో పాడుతూ పోతుంటే గుమ్మంలో కూర్చుని వాళ్ల నోళ్లు చూశాను. డప్పు అందింది. ఈల సన్నబడుతూ వచ్చి, ఒక వారానికి ఆగింది. అది ఆగిన రోజు భయపడ్డాను, దానితో పాటు ఏమేం పోయాయోనని.

ఒక సాయంత్రం నేను బట్టలు మడతపెడుతున్నాను. గోడ మీద నీడ కదిలింది, తిరిగి చూశాను. వెనక అమ్మ. ఆమె అప్పుడే నన్ను పిలిచిందట. తిరిగానని చూసి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. వచ్చింది, మళ్ల వచ్చింది, దేవుడు తిరిగిచ్చినాడు అంటోంది. నేను కాదనలేకపోయాను. ఆ రోజు నుంచి ఆమె రోజుకు నాలుగుసార్లు పరీక్షకు పిలిచేది, నేను నీడలు, అద్దం, పిల్లి చెవులు, నేల అదురు చూసుకుని తిరిగేదాన్ని. బతికుండగా ఇంత కష్టమైన ఉద్యోగం చేయలేదు.

కర్నూలుకు పోయి చెవుల పరీక్ష చేయించుకున్నాను, షాపు పని మీద పోతున్నానని చెప్పి. చిన్న గదిలో కూర్చోబెట్టి, శబ్దం అందినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కాగితం మీద గీత ముందుకంటే బాగా కిందికి దిగింది. అక్కడి అమ్మాయి మంచిదే, కాగితం చేతికిచ్చి మిషన్ మార్చుకోమంది. అంతా బటనే చెప్పింది, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. కాగితం షాపులో దాచాను.

ఈస్టరు అయ్యాక

జబ్బు తగ్గితే మాలో ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. సంఘం వస్తుంది, పాటలు, ప్రార్థన, బాగైనవాళ్ల సాక్ష్యం, ఆ తర్వాత భోజనాలు. అమ్మ పట్టుబట్టి పెట్టింది. దేవుడు చెవి తిరిగిచ్చిన సంగతి తానే సాక్ష్యం చెబుతానంది. నీడలతో నడిపిన నా నాటకం ఇప్పుడు దేవుడి పేరు మీద నలుగురి ముందు నిలబడబోతోంది.

ఇల్లు నిండింది. దేవదానం తాతకు కుర్చీ వేశారు. అమ్మ చెల్లెలి కూతురు ఎస్తేరు, నెలలు నిండిన పొట్టతో గోడకు ఆనుకుని కూర్చుంది. అమ్మ లేచి నిలబడింది. నేను ఎదురుగా చాప మీద కూర్చుని ఆమె పెదాలు చూస్తున్నాను.

వందనాలు చెప్పింది. జ్వరం సంగతి, నంద్యాల సంగతి చెప్పింది. "మూడు సూదులకు బిడ్డ చెవి పోతా వచ్చింది," అని ఆగిపోయింది. తాత వైపు చూసింది. ఇంక మింగేస్తుందిలే అనుకున్నాను, ఇన్నేళ్లూ చూసినదాన్ని కదా. ఆమె చూపు తాత మీదినుంచి ఎస్తేరు పొట్ట మీదికి పోయింది.

"దీనికి చిన్నప్పుడు పోయింది గూడా ఆ రకం సూదితోనే. పుట్టుకతో కాదు. నేనే అందరికీ అట్ల చెప్పినా. మా తమ్మునికీ సూదితోనే పోయింది. మా ఇంటి ఆడోళ్ల కడుపున పుట్టినోళ్లకు ఆ సూది పడదంట. ఎస్తేరూ, నీ బిడ్డకు ఎవరన్నా సూది ఏస్తామంటే ముందు ఈ మాట చెప్పు. సిగ్గుపడొద్దు. దేవుడు నా బిడ్డకు ఉన్నంత తిరిగిచ్చినాడు. అందరికీ ఇస్తాడో లేదో."

తాత రెండు చేతులూ కర్ర మీద పెట్టి అమ్మనే చూస్తున్నాడు.

"నాకు అప్పుడే చెప్పకపోతివి, సంతోషమ్మా."

"చెప్తే నువ్వు తట్టుకోలేవని చెప్పలే నాయనా."

"నేను తట్టుకోకుంటే ఏం మునిగిపోయె? చెప్పింటే ఆపుతాంటి కదా. ఆ తర్వాత ఎంతమందికి ఏసినానో."

ఆయన లేచాడు. ఇద్దరు పట్టుకోబోతే వద్దన్నాడు. కర్ర ఊతంగా నా దగ్గరికి వచ్చి, చాప మీద కష్టంగా వంగి, నా ముఖానికి ఎదురుగా కూర్చున్నాడు. దీపం వెలుతురు తన ముఖం మీద పడేలా కొంచెం జరిగాడు.

"నీకిప్పుడు ఎంత వినపడతాందిమ్మా?"

అన్ని రోజులు, అన్ని గదులు, అంతమంది మనుషులు. ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. అడిగింది ఆయన. ఆయన భుజం మీదుగా అమ్మ నన్నే చూస్తోంది, ముఖం వెలిగిపోతూ, జవాబు తనకు తెలుసునన్నట్టు. నేను ఒక్క అబద్ధం చెబితే చాలు, ఆ వెలుగు అలాగే ఉంటుంది. అమ్మ తాతను ఎందుకు కాపాడుకుందో, ఎలా కాపాడుకుందో నాకు అప్పుడు బాగా అర్థమైంది. ఎస్తేరు కూడా నా వైపే చూస్తోంది, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని.

"డప్పు వినపడతాది తాతా," అన్నాను. "లారీ హారన్ దగ్గరైతే వినపడతాది. అమ్మ పిలిస్తే వినపడదు."

అమ్మ జనాన్ని దాటుకుంటూ వచ్చి తాత పక్కన, నా ఎదురుగా కూర్చుంది.

"మళ్ల చెప్పు," అంది.

మళ్లీ చెప్పాను, ఈసారి ఆమె కళ్లలోకి చూస్తూ.